బయానాగా ఇచ్చిన గొంతు

కుంభగిరి రాజ్యానికి ఒకప్పుడు వింత చీడ పట్టింది. మనుషులు నోరు తెరుస్తారు, మాట రాదు. వైద్యులు కషాయాలు పోశారు, పూజారులు విభూతి రాశారు. రోగమైతే గదా తగ్గడానికి! అవి బేరంలో పోయిన గొంతులు.

సంత మధ్యలో ఒక నల్లరాయి ఉండేది. ఏ దేశంలో ఎవరు ఏది అమ్మదలచినా దాని బొమ్మ రాయి మీద కనిపించేది, అమ్మేవాడి మాట వినిపించేది. మొదట్లో కొన్న సరుకు ఇంటికి చేరేది. రానురాను బొమ్మలే మిగిలాయి.

ఓబన్న ఎద్దుల బేరగాడు. పళ్ళు పట్టి చూడనిదే, నాలుగడుగులు నడిపించనిదే ఎద్దును కొనేవాడు కాదు. కండువా కింద చేతులు కలిపి, వేళ్ళు పట్టి ధర తేల్చుకోవడం వాళ్ళ ఆచారం. రాయి చుట్టూ మూగినవాళ్ళను చూసి, "మడుగులో బర్రెకు బేరమా!" అని నవ్వేవాడు. అంతటివాడూ తన ఒంటి ఎద్దుకు సరిజోడు సగం ధరకే కనిపించేసరికి ఒళ్ళు మరిచాడు.

"సేనలో కొలువు నాది, రేపే సరిహద్దుకు పోవాల. బయానాగా నీ గొంతు పంపు. ఎద్దు చేరినాక వెనక్కొస్తుంది," అంది రాయి.

"సరే," అన్నాడు ఓబన్న. ఆ నోట వచ్చిన ఆఖరి మాట అదే. ఎద్దు రాలేదు.

తండ్రి ఏడుస్తున్నా శబ్దం రాకపోవడం చూసి కూతురు సుంకులి తట్టుకోలేకపోయింది. ఆ గొంతు తెచ్చి తీరాలని ఆయన కండువా భుజాన వేసుకుని, పోయిన గొంతులన్నీ చేరాయని జనం చెప్పుకునే అడవి దారి పట్టింది.

అడవి మొదట్లో ఒక ముని ఎదురయ్యాడు. "రాయి వెనకుండి గొంతులు దోచే రక్కసుడి గుహ చూపిస్తా. ముందు నీ నీడ ఇయ్యి."

"ముందు గుహ చూపించు సామీ, ఆనక ఇస్తా," అంది సుంకులి.

ముని పొగై కొండవైపు పారిపోయాడు. పొగ తన యజమాని దగ్గరికే పోతుందని ఆమె దాని వెంట నడిచింది.

వాగు దగ్గర తెల్ల గుర్రం నిలబడి ఉంది. దాని మీది ముసుగుమనిషి పిలిచాడు. "సుంకులీ, రా బిడ్డా! గుర్రం నీదే. నీ కంటి చూపు బయానా ఇయ్యి. బిరీన, అవతల ఇంకొకడు వస్తాండాడు!"

అది అచ్చంగా ఓబన్న గొంతు. సుంకులికి ఏడుపు ముంచుకొచ్చింది. నోటిదాకా వచ్చిన "సరే"ను బలవంతాన మింగింది. నాయన ఏనాడూ ఎవరినీ తొందరపెట్టలేదు. "పోయి పండుకోని రేపు రా," అనేవాడు.

ఆమె కండువా చాచింది. "నాయనా, దీని కింద చెయ్యి పెట్టు."

పెట్టడానికి చెయ్యి లేదు. గుర్రమూ మనిషీ కరిగిపోయారు. రక్కసుడు తన తండ్రి గొంతుతోనే జనాన్ని ముంచుతున్నాడని అప్పుడు తెలిసి, ఆమె పొగ వెంటే కొండ ఎక్కి గుహలో దూరింది.

గుహలో కుండల నిండా గొంతులు. చీకటి మూల నుంచి రక్కసుడు పలికాడు. "నీ నాయన గొంతు ఊరికే ఇస్తా. మీ ఇంటి గడియ తీసే మంత్రం చెప్పు, నేరుగా ఇంటికే పంపుతా."

"ఇచ్చేవాడికి నా గడియతో పనేంది? నా చేతిలో పెట్టు!" అంటూ ఆమె ఆ మూలకే నడిచింది. అక్కడ ఉన్నది మోకాలెత్తు పిరికి జీవం. కనిపించనంతసేపే వాడి బలమంతా. కండువా వేసి చెయ్యి పట్టగానే బూడిదయ్యాడు. సుంకులి కుండలు పగలగొట్టింది. గొంతులు ఊళ్ళకు ఎగిరిపోయాయి.

రాజు ఆమెను సంతకు అధికారిణిని చేశాడు. రాయిని మాత్రం తీయించలేదు. దాని మీద సుంకం బాగా వస్తుంది మరి! సరుకు కళ్ళజూడనిదే బయానా ఇవ్వకూడదని సుంకులి శాసనం వేయించింది.

ఆ వారమే ఓబన్న సంతలో గొంతెత్తాడు. "రండయ్యా, నడిపించి చూసుకోండి!"

దగ్గరికొస్తున్న రైతు ఆగిపోయాడు. "నీ తప్పు లేదు ఓబన్నా. అయినా ఆ గొంతే నా ఆవును మింగింది. వింటే వొణుకు పుడతాది."

ఓబన్న నోరు మూసుకుని కండువా పరిచాడు. రైతు కాసేపు తటపటాయించి దాని కింద చెయ్యి పెట్టాడు. బేరం కుదిరింది.

ఆ తర్వాత ఓబన్న సంతలో పెదవి విప్పలేదు. అడవులు దాటి తెచ్చిన ఆ గొంతును ఇంట్లో సుంకులి ఒక్కతే వినేది.