తిట్లు లేని వియ్యాలవిందు

పొద్దున తొమ్మిదింటికి వకుళ చేతిలోని కోపమాపకం సున్నా చూపించింది. నిన్నా సున్నాయే, మొన్నా సున్నాయే. జలగిరిలో పదకొండేళ్లుగా ఆమె ఉద్యోగం ఇదే. ఊళ్లో కోపం ఎంతుందో చూడటం, లేదని పైవాళ్లకు రాయటం. ఇంత సుఖమైన కొలువు ఇంకోటి లేదని ఓరుగల్లులోని ఆమె స్నేహితురాళ్లు అంటారు. పని లేకపోవడం కూడా మనిషిని అలసగొడుతుందని వాళ్లకెలా తెలుస్తుంది?

ఆ రోజు మాత్రం ఆమె ఉత్సాహంగా లేచింది. ఊళ్లో వియ్యాలవిందు, మర్నాడు పెళ్లి. జలగిరిలోని రెండు పేటలూ కలిసి చేసుకుంటున్న మొదటి పెళ్లి అది.

రెండు పేటల సంగతి కొంత చెప్పాలి. సముద్రం పైకొచ్చి ఉత్తరాంధ్ర తీరపు పల్లెలు మునిగిపోయాక, అక్కడి జాలరి కుటుంబాలకు అనంతపురం మెట్టమీద, కొత్త జలాశయం పక్కన ఇళ్లిచ్చారు. అప్పటికే అక్కడున్నవాళ్లు రైతులు. నీళ్లు పొలానికి పారాలని వీళ్లు, చేపకు మిగలాలని వాళ్లు. నీళ్ల దగ్గర మొదలైన మాట నీళ్ల దగ్గర ఆగితే బాగుండేది. ఆగలేదు. చేపకంపు మనుషులని వీళ్లన్నారు, కరువు మొహాలని వాళ్లన్నారు. ఒకరి తిండి, ఒకరి యాస, ఒకరి దేవత, అన్నీ తిట్లయిపోయాయి. రెండు రోజులపాటు జలాశయం కట్టమీద రాళ్లు లేచాయి. ఇది ఇరవై రెండేళ్ల కిందటి మాట.

ఆ తర్వాత ప్రభుత్వం అందరి చెవుల వెనకా శనగగింజంత మృదువాణి పూస అతికించింది. సొంత పేటవాళ్ల మాటను పూస ముట్టుకోదు. అవతలి పేట మాటను మాత్రం చెవికి చేరేలోపే వడకట్టి, వేడి తీసేసి, అదే గొంతుతో మెత్తగా వినిపిస్తుంది. నీ మొహం మండ అంటే, మీరు కాస్త అలసినట్టున్నారు అని వినపడుతుంది. తిట్టిన తిట్టు తగలకపోతే తిట్టేవాడికి మాత్రం ఏం సరదా? ఏడాది తిరక్కుండానే అందరూ మానేశారు. ఉన్నది ఉన్నట్టు వినే చెవి ఊళ్లో ఒక్క వకుళదే. అధికారికి పూస ఉండదు.

పెళ్లికూతురు హంపమ్మ రైతుల పిల్ల, పెళ్లికొడుకు కారయ్య జాలరి. ఇద్దరూ జలాశయం తూముల దగ్గర కలిసి పనిచేస్తూ ఇష్టపడ్డారు. కారయ్యను పెంచినది నాయనమ్మ నూకరత్నం. డెబ్బై దాటినా వల విసిరితే ఇప్పటికీ గుండ్రంగా పడుతుంది. ఆమె ఒప్పుకోవడమే గొప్ప అని ఊరంతా అనుకుంది.

మధ్యాహ్నం పందిట్లో మగపెళ్లివారు బంతిలో కూర్చున్నారు. విస్తళ్లలో రాగిసంగటి, నాటుకోడి పులుసు, జాలరిపేట నుంచి బిందెలతో వచ్చిన చేపల పులుసు. హంపమ్మ తల్లి నాగలింగమ్మ, మరో ఆరుగురు ఆడవాళ్లు ఎదురుగా నిలబడి గొంతు సవరించుకున్నారు. వియ్యపురాలు మొదటి ముద్ద ఎత్తేలోపు ఆమెను పాటలో ఉతికి ఆరెయ్యడం రెండు పేటల్లోనూ ఆచారమే. ఆ పాట కోసం నాగలింగమ్మ నెల రోజులు సాధన చేసింది.

"ఉప్పుచేప బుట్టలోన చీరలు దాచిందంట,
ఊరిలోని పిల్లులన్నీ వెంటబడినాయంట,
మా వియ్యపురాలి వెనకాల!"

ఓ మూల నిలబడ్డ వకుళకు నవ్వాగలేదు. బంతిలో మాత్రం ఒక్కరూ నవ్వలేదు. మర్యాదగా తలలూపారు. నూకరత్నం విస్తరి ముందు చేతులు కట్టుకుని కూర్చుంది. మూడు పాటలయ్యాయి. నాలుగోది ఎత్తుకోబోతుంటే ఆమె లేచి, పెళ్లి వద్దని మనవడికి చెప్పి, చెప్పులు వెతుక్కోసాగింది.

నాగలింగమ్మ మొహం పాలిపోయింది. హంపమ్మ వంటపందిరి గుంజ పట్టుకుని అలాగే నిలబడిపోయింది. కారయ్య నాయనమ్మ వెనకాలే వెళ్లాలో, ఆ పిల్ల దగ్గరికి వెళ్లాలో తెలియక మధ్యలో ఆగిపోయాడు. వాడి అవస్థ చూసి వకుళ గబగబా వెళ్లి, ఏం వినిపించిందని నూకరత్నాన్ని అడిగింది.

గౌరవనీయులైన వియ్యపురాలు మంచి చీర కట్టుకుని పరివారంతో విచ్చేశారని వినిపించిందట. కలెక్టరొస్తే చదివే కాగితంలాంటి ఆ పాట తనకెందుకని ఆమె అడిగింది.

తప్పంతా పూసదేనని వకుళ చెప్పింది. ఇళ్లలో సాధన చేసినంతసేపూ ఎవరి పాట వాళ్లకు బాగానే వినిపించింది. అవతలివాళ్ల చెవిలో అదేమవుతుందో ఒక్కరికీ తట్టలేదు. మొదటి పెళ్లి కదా!

నూకరత్నం చెప్పులు తొడగడం ఆపింది.

"పూసే సేసిందని నాకు తెల్దేటమ్మా? నా బెంగ పాట కోసం కాదు. రేపు ఆ పిల్ల నా ఇంటికొస్తాది. ఏ సీకూ సింతా వొచ్చో ఏడుస్తాది. ఆ ఏడుపు నా సెవిలో నవ్వులాగ పడితే నానేటి సెయ్యను? ఏడుపు ఇనబడని ఇంటికి పరాయి పిల్లని తీసుకెళ్లడం పాపం కాదా?"

వకుళ దగ్గర పూసలన్నిటినీ అరగంటసేపు నిద్రపుచ్చగల తాళంచెవి ఉంది. మరమ్మతుకు తప్ప వాడకూడదు. వాడాక పందిట్లో పాత గొడవ లేచిందంటే ఉద్యోగం సరే, ఇరవై రెండేళ్ల శాంతి ఆమె చేతులమీదుగా పోతుంది. ఆమెకు నిజంగా భయం వేసింది. హంపమ్మ వైపు ఒకసారి చూసి తాళం తిప్పింది.

సంగతి తెలిసి అందరూ బిగుసుకుపోయారు. నాగలింగమ్మ రెండడుగులు ముందుకొచ్చింది.

"పాడమంటారా? మళ్లీ మమ్మల్ని అనద్దండప్పా," అంది.

పాడింది. ఉప్పుచేప అన్న మాట చెవిన పడగానే కారయ్య మేనమామ విసురుగా లేచాడు. కట్టమీద రాయి తగిలిన గుర్తు ఆయన నుదుటిమీద ఉంది, ఆ రాయితోపాటు వచ్చిన మాట కూడా ఇదే. వకుళ తాళంచెవి గట్టిగా పట్టుకుంది. ఈలోగా పిల్లుల చరణం వచ్చింది. ఆయన సగం లేచినవాడు సగంలోనే ఆగి, పక్కకు తిరిగి, తన పెళ్లాం చీర వాసన చూశాడు.

ముందు నవ్వింది నూకరత్నమే. చెప్పులు విదిలించేసి, చీర చెంగు బిగించి పందిరి మధ్యకొచ్చింది.

"సంగటిముద్ద మింగిందంట, సాపమీద కూకుందంట,
లేపడానికి పదిమంది, లాగడానికి పడవతాడు,
మాయమ్మ వియ్యపురాలికి!"

ఇంకేముంది, పందిరి లేచిపోయింది. కరువు మొహాల మీద ఒక పాట, వల చిరుగుల మీద ఒక పాట, ఇరవై రెండేళ్ల బాకీ తీర్చుకున్నారు. మేనమామ నవ్వి నవ్వి ఎక్కిళ్లు పెట్టాడు. కోపమాపకం ఎర్రబడి కీచుమంది. పోలీసు దళాన్ని పంపమంటారా అని రాజధాని నుంచి కంగారుగా అడిగారు. వద్దు, బంతి నడుస్తోందని చెప్పి వకుళ మాపకం నోరు మూసేసింది.

అప్పుడు నాగలింగమ్మ, నూకరత్నం ఏదో గుసగుసలాడుకుని ఇటు తిరిగారు. రెండు యాసల్లో, ఒకే వరసలో అందుకున్నారు.

"మా కోపాలు కొలిచిందంట, బారెడు గజం తెచ్చిందంట,
తన మూతిముడుపు కొలవబోతే గజమే చాలలేదంట,
మా వకుళమ్మకు!"

అందరూ ఆమెనే చూస్తున్నారు. పాట పడ్డాక బదులివ్వాలి, అది ఆచారం. పదకొండేళ్లుగా ఏ పేటకూ చెందని పుస్తకాల భాష మాట్లాడి మాట్లాడి ఆమెకు మాట దొరకలేదు. దొరికాక అది ఓరుగల్లులోని అమ్మ మాటలాగే వచ్చింది.

"మూతి ముడువక ఏం జెయ్యాలె? పదకొండేండ్ల సంది మీ కూరల వాసన జూసుడే గాని, ఒక్కలన్న నన్ను బువ్వకు పిలిచిన్రా?"

నవ్వులు ఆగిపోయాయి. అధికారి ఎవరింటా తినకూడదన్నది నిబంధన. అందుకే ఎవరూ పిలవలేదు. పిలవనందుకు ఆమె బాధపడుతుందని ఇన్నేళ్లలో ఎవరూ అనుకోలేదు, ఎప్పుడూ అంత చక్కగా మాట్లాడేది మరి.

నూకరత్నం బంతిలో కూర్చుని పక్కకు జరిగింది. నాగలింగమ్మ విస్తరి వేసి, సంగటి పెట్టి, దానిమీద చేపల పులుసు పోసింది. వకుళ ముద్ద కలిపిందో లేదో, సంగటిని నమలకూడదు, మింగాలని నాగలింగమ్మ హెచ్చరించింది. ముల్లు గుచ్చుకుంటే నువ్వొచ్చి తీస్తావా, మెల్లగా నమలమని నూకరత్నం గదమాయించింది. ఎలా తినాలన్నదాని మీద వియ్యపురాళ్లిద్దరూ గొంతులు పెంచారు. అరగంట అయిపోవస్తుంటే వకుళ ఎడంచేత్తో తాళం మళ్లీ తిప్పింది. కళ్లనీళ్లు తుడుచుకుంటూ, ఎవరి మాటా వినకుండా తింటోంది.