సొంత తమ్ముడికిచ్చే బ్యాటరీ

చీఫ్ బిస్కెట్ల ప్లేటు ముందుకు తోశాడంటే ఎవరో చావబోతున్నారని లెక్క. డిపార్ట్‌మెంట్‌లో ఈ సంగతి తెలియనివాళ్ళు లేరు. అందుకే ఆ గదిలో బిస్కెట్లు ఎవరూ ముట్టుకోరు. వచ్చిన ప్లేటు వచ్చినట్టే తిరిగి వెళ్ళిపోతుంది.

ఆ ఉదయం ప్లేటు ఏజెంట్ తాబేలు ముందు ఆగింది. తాబేలంటే నెమ్మది మనిషని కాదు. నీళ్ళలోనూ నేలమీదా ఒకే తీరుగా బతకగలడని, అవసరమైతే తల లోపలికి లాక్కుని ఎన్నాళ్ళయినా కదలకుండా ఉండగలడని పెట్టిన పేరు. కొన్ని నెలలుగా అతను నెరిసిన పెట్టుడు మీసంతో, జారిపోయే కళ్ళద్దాలతో హార్బర్ వెనక వీధిలో బ్యాటరీ షాపు నడుపుతున్నాడు. డైవర్లు నీళ్ళ కింద వాడే స్కూటర్లకు ప్యాకులు కట్టివ్వడం అతని పని. పేరుకు స్కూటరే గాని దానికి చక్రాలుండవు. ముందు మొద్దు ముక్కు, మధ్యలో బ్యాటరీ, వెనక ఫ్యాను. హ్యాండిల్ పట్టుకుంటే చాలు, మనిషిని లాక్కుపోతుంది.

చీఫ్ బ్రీఫింగ్ సూటిగా సాగింది. పరాయి దేశపు ముఠా ఒకటి హార్బర్లో దిగింది. దాని నాయకుణ్ణి అందరూ కర్నల్ అంటారు. కొత్త ప్రయాణికుల ఓడ మొదటిసారి బయలుదేరే రోజున ఒక డైవర్ స్కూటర్ మీద వెళ్ళి, దాని ముక్కులో ఉన్న పెట్టెను ఓడ అడుగుకు అంటించాలి. ఆ పెట్టె బాంబు. ఆ డైవర్ బ్యాటరీ కోసం ఇవాళే తాబేలు షాపుకు వస్తున్నాడు.

ఇప్పుడే అరెస్టు చేయొచ్చు కదా అని తాబేలు అడిగాడు.

"చేస్తే వాడొక్కడే దొరుకుతాడు. వాడు నీళ్ళలో దిగితేనే కర్నల్ చూడ్డానికి బయటికొస్తాడు. గట్టు మీద వాళ్ళని మేం చూసుకుంటాం. నీళ్ళలో వాణ్ణి నువ్వు చూసుకో."

చీఫ్ సొరుగులోంచి ఆకుపచ్చ కవరు చుట్టిన ప్యాకు తీసి బల్ల మీద పెట్టాడు. చూడ్డానికి ముచ్చటగా ఉంది. మీటరు చివరిదాకా నిండుగానే చూపిస్తుంది గాని, లోపలి సర్క్యూటు మాత్రం ఓడలు వెళ్ళే లోతు కాలువ మధ్యలో కరెంటు ఆపేస్తుంది. అక్కడి ప్రవాహానికి చిక్కినవాణ్ణి సముద్రం మింగేస్తుంది. చప్పుడుండదు, శవం కూడా ఉండదని చీఫ్ చెప్పి, బిస్కెట్ తీసుకోమన్నాడు. తాబేలు ప్యాకు మాత్రం తీసుకున్నాడు.

డైవర్‌తో పాటు, అందరూ మేడమ్ అని పిలిచే ఆవిడ కూడా షాపుకు వచ్చింది. పట్టు స్కార్ఫు, నల్ల కళ్ళద్దాలు, వీధి మొత్తం తిరిగి చూసేంత సెంటు. కర్నల్‌కు సెక్రటరీ, డిపార్ట్‌మెంటుకు ఇన్‌ఫార్మర్. ఈ రెండు ఉద్యోగాల్లో ఏది అసలుదో ఆమెకైనా తెలుసో లేదో. ఛార్జర్లు చూస్తున్నట్టు నటిస్తూ, బ్యాటరీలను ఎండలో పెట్టొచ్చా అని అడిగింది. నీడే మేలు అన్నాడు తాబేలు. కోడ్ కుదిరింది.

డైవర్‌గా వచ్చిన ఈతగాడు మాత్రం తాబేలు ఊహించుకున్న మనిషి కాదు. పడుచువాడు, ఎండకు కమిలిన ముఖం, వచ్చీ రాగానే చెప్పులు గుమ్మం బయట విడిచాడు. ఇది షాపేనయ్యా, వేసుకునే రమ్మన్నా వినలేదు. మునిగిపోయిన పడవల్లోంచి ఇంజన్లు పైకి తీయడం తన పనని, ఈసారి మేడమ్ వాళ్ళు ఓడల అడుగుభాగం సర్వే చేసే కెమెరా ఒకటి అంటించి రమ్మన్నారని చెప్పాడు. మధ్యాహ్నం కావడంతో క్యారియర్ విప్పి, తినకుండా బేరం మొదలుపెట్టకూడదని తాబేలును కూడా కూర్చోబెట్టాడు. వాళ్ళ అక్క ఎప్పుడూ ఇద్దరికి సరిపడా కడుతుందట.

తాబేలు తిన్నాడు. అబద్ధం అతనికి మంచినీళ్ళ ప్రాయం. అయినా ఆ రోజు ముద్ద కలుపుతూ ఆ కుర్రాడి ముఖం వైపు చూడలేదు.

తర్వాత బల్ల మీద మూడు ప్యాకులు పరిచాడు. ఒకటి పాతకాలపు సీసం బ్యాటరీ. నమ్మకమైనదే, కానీ గాడిద బరువు, దూరం లాగదు. రెండోది చీఫ్ ఇచ్చిన ఆకుపచ్చది. మూడోది లిథియం ప్యాకు; తేలిక, దూరం వెళుతుంది, కానీ ఆ తేలికే దాని తంటా. స్కూటర్ పైకి లేచిపోకుండా ముక్కులో సీసం దిమ్మ బిగించాలి.

ఈతగాడు ఒక్కొక్కటీ చేత్తో తూచాడు. నీళ్ళు చల్లగా ఉంటే ఎంత తగ్గుతుందని అడిగాడు, వెళ్ళడానికీ రావడానికీ సరిపోతుందా అని అడిగాడు. అప్పుడు మేడమ్ కల్పించుకుని, వెళ్ళేదానికి సరిపోతే చాలంది. ఈతగాడు నవ్వాడు.

"అదేంటి మేడమ్, నేను మళ్ళీ రావద్దా? అక్క తలుపేసుకోకుండా కూర్చుంటుంది."

అతను స్కూటర్ తేవడానికి బయటికి వెళ్ళగానే మేడమ్ స్వరం తగ్గించింది. పెట్టె ఓడకు తగిలిన క్షణంలోనే పేలుతుందని, ఆ సంగతి వాడికి ఎవరూ చెప్పలేదని, తిరుగుదారి కర్నల్ లెక్కలోనే లేదని చెప్పింది. తాబేలు ఆకుపచ్చ ప్యాకు వైపు చూశాడు. తిరుగుదారి చీఫ్ లెక్కలోనూ లేదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. మధ్యలో చెప్పులు బయట విడిచి వచ్చిన పిల్లాడు.

ఈతగాడు తిరిగి వచ్చి బల్ల మీద మోచేతులు ఆనించాడు. ప్రతి షాపులోనూ ప్రతి కస్టమరూ ఎప్పుడో ఒకప్పుడు అడిగే మాటే అతనూ అడిగాడు.

"ఇవన్నీ నాకెందుకులే అన్నా. నీ సొంత తమ్ముడైతే ఏది ఇస్తావు? అదే ఇవ్వు."

తాబేలుకు తల కొట్టేసినట్టయింది. ఎన్ని దేశాల్లో ఎన్ని పేర్లతో ఎంతమందిని నమ్మించి గొంతు కోశాడో అతనికే గుర్తులేదు. వాళ్ళెవరూ ఇలా మెడ చాచి ముందు కూర్చోలేదు. ఆకుపచ్చ ప్యాకు మీదున్న చెయ్యి దానంతటదే వెనక్కి వచ్చింది. కళ్ళద్దాలు తుడుచుకునే మిషతో తల దించుకుని, లిథియం ప్యాకు ముందుకు జరిపాడు.

కానీ ముక్కులో సీసం దిమ్మను బిగించిన బోల్టు మామూలుది కాదు. డిపార్ట్‌మెంటు వర్క్‌షాపులో చేసిన గాడ్జెట్ అది. మంచినీళ్ళలో ఉక్కులా ఉంటుంది. ఉప్పునీళ్ళు తగిలితే కాసేపటికి కరిగిపోయి విరుగుతుంది. దిమ్మ జారితే స్కూటర్ ఇక నీళ్ళ కింద ఆగదు. ఓడను చేరకముందే బాంబుతో సహా, మనిషితో సహా పైకి తేలుతుంది. ఇది కూడా మోసమేనని తాబేలుకు తెలుసు. కాకపోతే మనిషి బతికే మోసం. అంతకంటే మంచి సరుకు ఆ షాపులో లేదు. కిటికీ గట్టు మీద బకెట్లో ఉప్పునీళ్ళు పోసి అలాంటి బోల్టు ఒకటి ఎంతసేపు నిలుస్తుందో చూసుకున్నాడు. సరిగ్గా సరిపోతుందనిపించింది.

మర్నాడు మూతపడిన ఒక ఈతకొలనులో ట్రయల్ జరిగింది. అందులోవి మంచినీళ్ళు కాబట్టి బోల్టు చెక్కు చెదరలేదు. ఈతగాడు నడి నీళ్ళలో స్కూటర్ వదిలేసి చూశాడు. అది పైకి లేవలేదు, కిందికి దిగలేదు, చెప్పిన చోట నిలబడింది. ఒడ్డుకు వచ్చి ఇంత శ్రద్ధగా ఎవరూ చెయ్యరన్నా అంటూ తడి ఒంటితోనే తాబేలును కావలించుకున్నాడు. పెట్టుడు మీసం ఒక పక్క ఊడింది. తాబేలు దాన్ని అదిమి పట్టుకుని నిలబడ్డాడు, ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక. మేడమ్ వంగి స్కూటర్ ముక్కు పరీక్షగా చూసింది. బోల్టు కొత్తగా మెరుస్తోందే అని, ఇంకేమీ అనకుండా స్కార్ఫు సర్దుకుంది.

ఓడ బయలుదేరే ఉదయం తాబేలు గాలం వేసుకుని జెట్టీ చివర కూర్చున్నాడు. గాలం చక్రంలో ట్రాన్స్‌మిటర్, టోపీ కింద ఇయర్‌ఫోన్. ఎదురుగా ఓడ, రెయిలింగుల నిండా జనం, చేతిరుమాళ్ళు. అవతలి పడవల షెడ్డులో కర్నల్ బైనాక్యులర్స్ ఎత్తాడని కబురొచ్చింది. తర్వాత ఈతగాడు నీళ్ళలో దిగాడన్నారు.

నీటి మీద బుడగల దారి కాలువ దాటింది. అనుకున్న చోటికి ఇంకా రాలేదు, ఫరవాలేదు. వచ్చింది. ఏమీ తేలలేదు. తాబేలు ఊరికే చెయ్యి నీళ్ళలో ముంచాడు. మంచులా ఉన్నాయి.

అప్పుడు గుర్తొచ్చింది, తను బకెట్ ఎండలో పెట్టాడని. వేడి నీళ్ళలో త్వరగా కరిగిన బోల్టు చన్నీళ్ళలో మరింత సేపు పట్టుకుంటుంది. చన్నీళ్ళ సంగతి ఆ పిల్లాడే అడిగాడు. బ్యాటరీకి సంబంధించి తాబేలు జవాబు చెప్పాడు గాని, బోల్టు గురించి ఆలోచించలేదు. తన సిగ్గును కాస్త చల్లార్చుకోవడానికి ఒక ఓడెడు మనుషుల్ని పణంగా పెట్టాడు. ఒకడి ముందు పడ్డ సిగ్గు ఇప్పుడు వందలమంది ముందు పడాల్సిన సిగ్గయింది.

ట్రాన్స్‌మిటర్ నొక్కాడు.

"సర్, ఆకుపచ్చ ప్యాకు పెట్టలేదు. వేరేది పెట్టాను. అది పని చెయ్యడం లేదు. ఓడను ఖాళీ చేయించండి. తప్పు నాది."

బుడగలు ఓడ నీడలోకి వెళ్ళాయి. గాలం పారేసి, కోటు విప్పి తాబేలు నీళ్ళలోకి దూకబోయాడు. అంతలో ఓడ ఇనుప గోడకు చెయ్యి చాపేంత దూరంలో నీళ్ళు ఉవ్వెత్తున లేచాయి. మొద్దు ముక్కు ఆకాశం వైపు పెట్టి స్కూటర్ తేలింది. దాని హ్యాండిల్‌కు వేలాడుతూ ఈతగాడు. పైనున్న జనం ఇదేదో వినోద కార్యక్రమమనుకుని చప్పట్లు కొట్టారు. నిఘా లాంచీ వచ్చి స్కూటర్‌ను కొక్కెంతో పక్కకు లాగింది. అదే నిమిషంలో షెడ్డులో కర్నల్‌కు బేడీలు పడ్డాయి. మేడమ్ మాత్రం ఎవరి చేతికీ దొరకలేదు.

తాబేలు రేడియోలో చెప్పింది తను వినలేదని చీఫ్ అన్నాడు. ఫైల్లో ఆపరేషన్ అనుకున్నట్టే జరిగిందని రాశారు. బిస్కెట్ల ప్లేటు మళ్ళీ వచ్చింది, ఈసారి సంతోషానికట. తాబేలు మళ్ళీ ముట్టుకోలేదు.

ఆ సాయంత్రం మీసం, కళ్ళద్దాలు తీసేసి విచారణ గదిలోకి వెళ్ళాడు. ఈతగాడు తలకు కట్టుతో కూర్చుని ఉన్నాడు. ఒక్కసారిగా పైకి తన్నుకు రావడంతో ఎడమ చెవి పోయింది, ఇక వినపడదని డాక్టర్ చెప్పాడు. పెట్టెలో ఉన్నదేమిటో అప్పటికే చెప్పారు. అది విన్నప్పటినుంచి ఓడలో ఎవరికీ ఏమీ కాలేదు కదా అని అడుగుతూనే ఉన్నాడు. అడిగినవన్నీ చెప్పాడట, ఒక్కటి తప్ప. బ్యాటరీ ఎవరిచ్చారంటే, రోడ్డు పక్కన ఎవడో ముసలాడి దగ్గర కొన్నాననీ, గుర్తులేదనీ అంటున్నాడట.

తాబేలు గొంతు మార్చి మళ్ళీ అదే అడిగాడు. ఈతగాడు కుడి చెవి ఇటు తిప్పి విన్నాడు. గదిలో ఇంకెవరూ లేరని చూసుకున్నాక చేతులు జోడించాడు.

"మీరు మంచివాళ్ళలా ఉన్నారు సార్. ఆయనకి దీంతో ఏ సంబంధమూ లేదు, పాపం, బ్యాటరీలు అమ్ముకునే మనిషి. హార్బర్ వెనక వీధిలో ఉంటాడు. అటు వెళితే ఒక్క మాట చెప్పండి. ప్యాకు బంగారంలాంటిది గాని, ముక్కులో బోల్టు ఊడిపోతోంది. ఇంకెవరికైనా అమ్మేముందు చూసుకోమనండి. ఆయనకి చెడ్డపేరొస్తుంది."

చెబుతానన్నాడు తాబేలు. అతనికేమీ కాకుండా వాళ్ళ అక్క దగ్గరికి పంపే బాధ్యత తనదని మాత్రం నిశ్చయించుకుని, ఆ రాతకోతలు తనే మొదలుపెట్టాడు. పోయిన చెవిని తెచ్చిపెట్టే శాఖ ఏ డిపార్ట్‌మెంటులోనూ లేదు.

మర్నాడు షాపు బోర్డు దించేశారు. అది తెరిచి ఉన్నన్నాళ్ళలో వచ్చిన ఫిర్యాదు అదొక్కటే. అదీ ఓనరుకు చెడ్డపేరు రాకూడదని.