ఈరోజు అమ్మకండి

"మీకు కత్తి పట్టుకోవడం ఎవరు నేర్పారండీ?" అన్నాడు గిల్దాస్.

"ఎవరూ నేర్పలేదు," అంది ఆ అమ్మాయి.

"అది కనబడుతూనే ఉంది. ఆయిస్టర్ చిప్పని పగలగొట్టకూడదు. పక్కనుంచి మొన దూర్చి, తాళం తీసినట్టు తిప్పాలి."

"ఇలాగా?"

"అలా కాదు. అలా తిప్పితే వేలు తెగుతుంది."

తెగింది కూడా. గిల్దాస్ నిట్టూర్చి, జేబులోంచి రుమాలు తీసి ఆమె వేలికి చుట్టాడు. చుడుతూ తలెత్తి చూశాడు. ఆమె వేలిని చూసుకోవడం లేదు, అతన్ని చూస్తోంది. అతను ముడి రెండుసార్లు తప్పుగా వేశాడు.

అది అక్టోబరు నెల. సముద్రం ఒడ్డునున్న కెర్‌బిహాన్‌లో ఆయిస్టర్ల కాలం, అంటే చిప్ప తెరిచి పచ్చిగానే తినే ఆల్చిప్పల కాలం. ఆటుకి నీరు వెనక్కి తీయగానే సముద్రపు పాయలో ఇనుప బల్లలు, వాటిమీద ఆయిస్టర్లు పెరిగే వలసంచులు బయటపడతాయి. శని, ఆదివారాల్లో పట్నాల వాళ్ళు బస్సుల్లో దిగి, అరువు బూట్లతో ఆ బురదలో కాసేపు తిరిగి, ఒడ్డున షెడ్ల ముందు బల్లల దగ్గర కూర్చుంటారు. అప్పుడే తెరిచిన ఆయిస్టర్లు, నిమ్మచెక్క, వెన్న రాసిన రై రొట్టె, చల్లని తెల్ల వైను. వాన పడినా ఎవరూ లేవరు.

తండ్రి పోయాక ఆ సాగు గిల్దాస్‌దీ, అతని మేనత్త మార్యానిక్‌దీ అయింది. సీజనుకి సాయంగా ఆ శనివారం నుంచి ఎవరో ఒక అమ్మాయిని పంపుతామని ఏజెన్సీ వాళ్ళు చెప్పారు. బస్సు జనం మధ్యలో ఒంటరిగా దిగిన ఈ అమ్మాయిని చూడగానే మార్యానిక్ "ఇంత ఆలస్యమా తల్లీ" అంటూ ఏప్రన్ కట్టేసి, చేతిలో కత్తి పెట్టేసింది.

సాయంత్రం బల్లలు తుడుస్తూ గిల్దాస్ అన్నాడు. "మీ ఏజెన్సీ వాళ్ళతో నేను మాట్లాడతాను. కొత్తవాళ్ళని పంపేటప్పుడు ముందే చెప్పాలి కదా."

"ఏ ఏజెన్సీ?"

"మీరు పనికి రాలేదా?"

"తినడానికొచ్చాను."

గిల్దాస్ చేతిలో గుడ్డ అలాగే ఉండిపోయింది. "మరి రోజంతా చెప్పలేదేం?"

"రెండుసార్లు చెప్పబోయాను. ఒకసారి నిమ్మకాయలు తెమ్మన్నారు. ఇంకోసారి మాటలు ఆపి చేతులు ఆడించమన్నారు."

లోపల మార్యానిక్ నవ్వు ఆపుకోలేక దగ్గింది. గిల్దాస్ మొహం ఎర్రబడింది. లోపలికి వెళ్ళి, తను ఇంటికని దాచుకున్న సంచిలోంచి పెద్దవి ఏరి, ఒక్కొక్కటీ తెరిచి, పళ్ళెం ఆమె ముందు పెట్టాడు.

ఆమె పేరు ఎనోరా. ఊరు లోరియాన్. మొదటి ఆయిస్టర్‌ని ఆమె డాక్టరు రోగిని చూసినట్టు చూసింది. వాసన చూసింది. వెలుతురుకేసి తిప్పింది.

"భయమా?" అన్నాడు గిల్దాస్.

"అలవాటు," అంది ఆమె.

ఏం అలవాటో అతనికి అర్థం కాలేదు. ఆమె కళ్ళు మూసుకుని చిప్పని పెదవుల దగ్గర వంచింది.

"ముందు ఉప్పగా ఉంది. తర్వాత ఎక్కణ్ణుంచో తియ్యదనం వస్తోంది. ఇన్నేళ్ళూ ఇది తెలియకుండానే..." అని ఆగిపోయింది.

"తెలియకుండానే?"

"ఏం లేదు. ఇంకోటి తినొచ్చా?"

మరుసటి శనివారం ఎనోరా మళ్ళీ వచ్చింది. ఎవరూ చెప్పకుండానే ఏప్రన్ కట్టుకుంది. ఏజెన్సీ అమ్మాయి ఇంకెక్కడో పనిలో చేరిందట, కనుక ఎవరూ వద్దనలేదు.

"ఇంతకీ మీరేం చేస్తారు?" అన్నాడు గిల్దాస్.

"ఉద్యోగం."

"ఏం ఉద్యోగం?"

"నాలుగు గోడల మధ్య చేసేది. ఇక్కడ గాలి బావుంది. మాటలు ఆపి చేతులు ఆడించండి."

మధ్యాహ్నం రొట్టె కోస్తూ మార్యానిక్ ఎప్పుడూ ఉండే గొడవ ఎత్తుకుంది. "ఆ ల్యాబ్ వాళ్ళున్నారే, మన ఆయిస్టర్లని పట్టుకుపోయి మిక్సీలో రుబ్బి, బావున్నాయో లేదో కాగితం పంపుతారు. వాళ్ళల్లో ఒక్కడైనా నోట్లో పెట్టుకుని చూసినవాడున్నాడా? అలాంటోణ్ణి నా షెడ్డులో అడుగు పెట్టనివ్వను."

ఎనోరా చేతిలోని పళ్ళెం జారి కిందపడింది.

"జడుసుకున్నావేమే? నిన్ను కాదులే," అంది మార్యానిక్.

ఆ సాయంత్రమంతా ఎనోరా ముభావంగా ఉంది. తనేమన్నాడో గుర్తు చేసుకుని గుర్తు చేసుకుని గిల్దాస్ తల వేడెక్కింది. బస్సెక్కేటప్పుడు మాత్రం ఆమె కిటికీలోంచి వెనక్కి తిరిగి చూసింది. కోపమైతే ఎందుకు చూస్తుంది? ఇష్టమైతే ఎందుకు మాట్లాడదు? వారమంతా అతను వలసంచులతో ఇదే చర్చ పెట్టుకున్నాడు. అవీ ఏమీ చెప్పలేదు.

నెలాఖరున, పండగ సెలవులకి ముందు వారం, వాన ఒక్కరోజు కూడా తెరిపివ్వలేదు. శనివారానికి కాస్త వెలిసింది. ఏడాదిలో అంత బేరం ఉండే రోజు ఇంకోటి ఉండదు. బల్లలన్నీ ముందే మాట్లాడుకున్నారు. గిల్దాస్ గొడుగులు పాతుతుంటే ఎనోరా మొదటి బస్సులో దిగింది. జుట్టు రేగిపోయి ఉంది. ఏప్రన్ వైపు చూడను కూడా చూడలేదు.

"గిల్దాస్, ఈరోజు అమ్మకండి."

అతను నవ్వాడు. ఆమె నవ్వలేదు.

"ఎందుకు?"

"చెప్పలేను."

"రేపు?"

"రేపూ వద్దు. సోమవారం దాకా ఏమీ అమ్మకండి. మీరూ తినకండి."

"ఎవరైనా మిమ్మల్ని ఏమైనా అన్నారా? అత్త ఏమైనా..."

"కాదు. నన్నేమీ అడక్కండి, ప్లీజ్. మిమ్మల్ని నమ్మించడానికి నా దగ్గర ఒక్క మాట కూడా లేదు. అయినా అడుగుతున్నా."

చెప్పి, వచ్చిన బస్సులోనే వెళ్ళిపోయింది. గిల్దాస్ గొడుగు పట్టుకుని నిలబడ్డాడు. ఈ అమ్మాయికి మతి చలించిందా? అవతలి షెడ్డువాళ్ళు ఎవరైనా పంపారా? ఏదీ నమ్మబుద్ధి కాలేదు. ఆమె గొంతు వణికిన సంగతి ఒక్కటే అతనికి ఖాయంగా తెలుసు.

రొట్టెల బుట్టతో వచ్చిన మార్యానిక్‌తో అన్నాడు. "అత్తా, ఇవాళ మూసేద్దాం."

"ఎందుకురా?"

"తెలీదు."

"తెలీదంటే?"

"ఎనోరా వద్దంది."

మార్యానిక్ బుట్ట దించి అతన్ని ఎగాదిగా చూసింది. "ప్రేమలో పడితే బుద్ధి పోతుందని విన్నాగానీ, బేరం కూడా పోతుందని ఇప్పుడే చూస్తున్నా."

"ప్రేమ ఎవరన్నారు?"

"మరి పిచ్చా? ఏదో ఒకటి తేల్చుకో. ఇంత రొట్టె నేను ఎవరికి పెట్టను?"

అయినా అతను తలుపులు మూశాడు. వచ్చినవాళ్ళందరికీ క్షమాపణ చెప్పి పంపేశాడు. పక్క షెడ్డు పెద్దాయన గొనెరీ దగ్గరికి వెళ్ళి మీరూ మూయండన్నాడు. "కారణం చెప్పరా అబ్బాయ్," అన్నాడాయన. గిల్దాస్ దగ్గర కారణం లేదు. గొనెరీ నవ్వి, గిల్దాస్ తిప్పి పంపిన బస్సు జనాన్ని కూడా తన బల్లల దగ్గర కూర్చోబెట్టుకున్నాడు.

ఆదివారానికల్లా ఆ బస్సులో సగంమందికి వాంతులు, కడుపునొప్పి. సోమవారం మధ్యాహ్నం ఊరికి ఉత్తర్వు వచ్చింది. వానలకి ఎగువన మురుగు పొంగి పాయలో కలిసిందనీ, నీళ్ళు బాగుపడేదాకా ఆయిస్టర్లు అమ్మకూడదనీ.

గొనెరీ పాలిపోయిన మొహంతో వచ్చాడు. "నీకెలా తెలిసిందిరా?"

అప్పుడు వెలిగింది గిల్దాస్‌కి. ఉత్తర్వు రాకముందే ఈ సంగతి తెలిసేది ల్యాబ్ వాళ్ళకే. వెలిగిన కొద్దీ ఇంకా చీకటైంది. అంటే ఆమె వచ్చింది తనిఖీకా? ఆ నవ్వు, ఆ చూపు, అవన్నీ ఉద్యోగంలో భాగమేనా? మరి తనిఖీకొచ్చిన మనిషి గొంతు ఎందుకు వణకాలి?

తర్వాతి శనివారం ఎనోరా రాలేదు. ఆ పై శనివారమూ రాలేదు.

"వెళ్ళి అడుగు," అంది మార్యానిక్.

"ఏమని?"

"ముందు వెళ్ళు. అడగడానికి నోరుంది కదా, దానికి తోచిందేదో అడుగుతుంది." తలుపు దాకా వచ్చి మళ్ళీ అంది. "ల్యాబ్ వాళ్ళని నేను నా షెడ్డులో అడుగు పెట్టనివ్వనన్నా కదూ. ఆ మాట వెనక్కి తీసుకున్నానని ఆ పిల్లతో చెప్పు."

లోరియాన్ ల్యాబ్‌లో గాజు తలుపు అవతల ఎనోరా తెల్ల కోటులో కనబడింది. అతన్ని చూసి చేతిలోని సీసా జాగ్రత్తగా బల్లమీద పెట్టి బయటికొచ్చింది. ఇద్దరూ ఒకేసారి మాట్లాడబోయి ఒకేసారి ఆగారు.

"మీరు ఫిర్యాదు చేయడానికి వచ్చారా?" అంది ఎనోరా.

"ఎవరిమీద?"

"నా మీద. నేనెవరో దాచాను కదా."

"నేనూ అదే అడగాలని వచ్చా. మీరు మా దగ్గరికి తనిఖీకొచ్చారా?"

ఎనోరాకి కోపమొచ్చింది. "తనిఖీకొచ్చినదాన్ని వేలు కోసుకుంటానా? మీ ఆయిస్టర్లని ఏళ్ళ తరబడి మిక్సీలో వేసిన మనిషిని నేను. ఒక్కసారైనా రుచి చూడాలనిపించి వచ్చాను. చెప్దామనుకునేలోగా మీ అత్తగారు అలా అన్నారు. చెప్తే మళ్ళీ రానివ్వరని భయపడ్డాను." గొంతు తగ్గించింది. "ఆ శుక్రవారం మొదటి ఫలితం బాగా రాలేదు. రెండోసారి పరీక్షించి తేలేదాకా బయట చెప్పకూడదన్నారు. ఊరికే ఉండలేకపోయాను. సోమవారం నేనే మా చీఫ్‌కి చెప్పేశాను."

"చెప్తే?"

"చీవాట్లు పెట్టారు. మీ పాయ నమూనాలు ఇక నన్ను ముట్టుకోనివ్వరు. ఈత కొలనుల నీళ్ళకి మార్చారు."

"అంటే మా పాయతో మీకిక ఏ సంబంధమూ లేదా?"

"లేదు."

"మంచిది."

ఎనోరా మొహం చిన్నబోయింది. "మంచిదా?"

"అంటే..." గిల్దాస్ టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. "ఇకమీదట మీరు మా ఊరొస్తే దానికి వేరే కారణం ఉండాలి కదా. అది మంచిదంటున్నా."

గాజు తలుపు వెనక ఇద్దరు ముగ్గురు పని మానేసి, పని చేస్తున్నట్టు నిలబడ్డారు. ఎనోరా వాళ్ళని చూసింది, నేలని చూసింది, చివరికి అతన్ని చూసింది.

"ఆరోజు కారణం చెప్పకపోయినా షెడ్డు మూసేశావు," అంది. 'మీరు' కాస్తా 'నువ్వు' అయిపోయిన సంగతి ఆమె గమనించలేదు. అతను గమనించాడు. "ఇప్పుడు మాత్రం కారణం కావాలా?"

"ఇప్పుడు కావాలి."

"నువ్వంటే ఇష్టం. అదీ కారణం. చాలా?"

"నాకు సరిగా అర్థం కాలేదు, మళ్ళీ చెప్పు," అన్నాడు గిల్దాస్.

నిజానికి ఆ అక్టోబరు నుంచీ ఆమె అన్నవాటిలో అతనికి స్పష్టంగా అర్థమైన మాట అదొక్కటే.