ఆ సీరియల్ చూసి కాలేజీకి వెళ్లినవాళ్లు

అట్లాంటా పక్కనున్న అల్ఫారెట్టాలో తెలుగువాళ్ల పిక్నిక్. బిర్యానీ కోసం లైన్‌లో నిలబడి సాఫ్ట్‌వేర్ ఉద్యోగి కౌస్తుభ్ నోరు జారాడు.

"అట్లాంటాలో ఇన్ని యూనివర్సిటీలుంటే నల్లవాళ్ల కోసం పెట్టిన బ్లాక్ కాలేజీలో ఎందుకు చదివారండీ? ఇంకెక్కడా సీట్ రాలేదా?"

తన కాలేజీ టీషర్ట్ వేసుకుని ముందు నిలబడ్డ అవని వెనక్కి తిరిగింది. అమెరికాలోనే పుట్టిపెరిగిన అమ్మాయి, హైస్కూల్లో లెక్కల టీచర్.

"నాలుగు చోట్ల వచ్చింది. నేనే అది పిక్ చేశా. ఆ కాలేజీ గురించి మీకేం తెలుసు?"

"ఏం తెలియదు."

"కనిపిస్తోంది!"

అప్పుడే వాన మొదలైంది. అందరూ షెడ్ కిందికి పరుగెత్తారు. అవని ఆ చివర నిలబడింది. ఈ చివర చూరు నీళ్లకు సగం తడుస్తూ కౌస్తుభ్ ఆమెనే చూస్తూ ఉండిపోయాడు.

మర్నాడు పిక్నిక్ వాట్సాప్ గ్రూప్‌లో నంబర్ వెతికి, సారీ చెబుతూ మెసేజ్ పెట్టాడు. జవాబుగా ఒక లింక్ వచ్చింది. నల్లజాతి విద్యార్థుల కాలేజీ చుట్టూ తిరిగే పాత కామెడీ సీరియల్ అది. కింద ఒకటే వాక్యం: "మొత్తం చూశాక మాట్లాడండి."

రోజూ లంచ్‌లో రెండేసి ఎపిసోడ్లు చూశాడు. అన్ని సీజన్లూ అయ్యాక ఫోన్ చేశాడు.

"హాస్టల్ గొడవలకి మస్తు నవ్వొచ్చింది. కొడుకుని కాలేజీలో దింపి ఒక తల్లి వెళ్లిపోతుంటే మాత్రం ఏడ్చేశాను."

"సాఫ్ట్‌వేర్ వాళ్లు కూడా ఏడుస్తారా?"

"ఆఫీస్ కెఫెటేరియాలో. అందరి ముందూ."

అవని పకపకా నవ్వింది. ఆ తర్వాత ఫోన్లు ఆగలేదు. 'మీరు' పోయి 'నువ్వు' వచ్చింది.

అక్టోబర్‌లో ఆమె చదివిన కాలేజీలో ఆ సీరియల్ పేరు మీద వేడుక జరిగింది. అవని అతన్ని పిలిచింది. వాళ్లమ్మ జ్ఞానప్రసూన కూడా పట్టుచీర కట్టుకుని వచ్చింది. హాలు నిండిపోయింది. వేదిక మీదున్న పెద్ద ప్రొఫెసర్ మైక్ అందుకున్నాడు.

"ఈ సీరియల్ చూసి కాలేజీ గడప తొక్కినవాళ్లు లేచి నిలబడండి!"

ఒక జడ్జి లేచింది. ఒక డాక్టర్ లేచాడు. వరసలకు వరసలే లేచాయి. కౌస్తుభ్ అవని వైపు తిరిగాడు. ఆమె కదల్లేదు. పక్కన జ్ఞానప్రసూన మెల్లగా లేచి నిలబడింది.

ఎవరో మైక్ తెచ్చి ఇచ్చారు. ఆమె తెలుగు యాస ఇంగ్లీషులో చెప్పింది.

"భర్త వెంట ఈ దేశం వచ్చాను. అపార్ట్‌మెంట్‌లో నాకు తోడు ఈ సీరియలే. అందులో నా వయసావిడ పుస్తకాలు పట్టుకుని క్లాస్‌కి వెళ్లడం చూశాను. ముప్పై నాలుగేళ్లప్పుడు ఇక్కడ చేరాను. మొదటిరోజు చీర కట్టుకుని వస్తే ఒక్కరూ నవ్వలేదు. 'రా సిస్టర్' అని పక్కన చోటిచ్చారు. ఈరోజు నేను ఫార్మసిస్ట్‌ని."

హాలంతా చప్పట్లతో మారుమోగింది. కౌస్తుభ్ అవని వైపు వంగాడు.

"నువ్వెందుకు లేవలేదు?" అని అడిగాడు.

"నేను సీరియల్ చూసి రాలేదు. అమ్మని చూసి వచ్చా."

తడికళ్లతో తలెత్తి కూర్చున్న అవనిని చూశాక అతను ఇంక దాచుకోలేకపోయాడు.

"అవనీ, ఐ లవ్ యూ. నువ్వు టైమ్ తీసుకో, పర్లేదు."

ఇంతలో జ్ఞానప్రసూన పాత క్లాస్‌మేట్ ఒకావిడ వచ్చి ఆమెను వాటేసుకుంది. కౌస్తుభ్‌ని చూసి ఎవరని అడిగింది.

"మా అవని ఫ్రెండ్," అంది జ్ఞానప్రసూన.

"ఉత్త ఫ్రెండ్ కాదమ్మా," అంటూ అవని అతని చెయ్యి పట్టుకుంది. "సరిగ్గా ఇంట్రడ్యూస్ చెయ్యి."

జ్ఞానప్రసూన ఇద్దరినీ ఎగాదిగా చూసింది. తర్వాత, డిగ్రీ పట్టా చూపిస్తున్నంత గర్వంగా, కౌస్తుభ్ భుజం మీద చెయ్యి వేసి క్లాస్‌మేట్ ముందుకు నడిపించింది.