ఓబులేసు తాళం

తాను లారీ తోలే రోజుల్లో హారన్ కొడితే డోన్ జంక్షన్‌లో రైలు కూడా పక్కకు తప్పుకునేదని ఓబులేసు చెప్పేవాడు. పట్టాల మీది రైలు పక్కకెట్లా తప్పుకుంటుందని అడిగినవాడికి టీ దక్కేది కాదు. ముప్పై ఏళ్లు నాపరాళ్ల లారీ తోలి, ఇప్పుడు కొడుకు వంశీతో వంతులేసుకుని డోన్ నుంచి కోడుమూరుకు సర్వీసు జీపు తిప్పుతున్నాడు.

ఆ ఉదయం భార్య కృష్ణవేణమ్మ వాకిట్లో రోలు ముందు కూర్చుని మిరపకాయలు దంచుతోంది. ఓబులేసు జీపులో పాత భజన క్యాసెట్టు పెట్టాడు. పాడింది చనిపోయిన జతగాడు నాగన్న. పక్కన కంచు తాళం వేసింది తాను. పాట వస్తోంది, మద్దెల వస్తోంది. తాళం మాత్రం లేదు.

"రేయ్ వంశీ! నా తాళం చెరిపేసినావు గదరా!"

వంశీ నోట్లో వేపపుల్లతో వచ్చాడు. కిందటి నెల స్టీరియోకు ఈక్వలైజరు బిగించింది అతనే.

"చెరిపింటే పాట గూడా పోవల్ల గదా నాయనా! ఐదు మీటలుండాయి. ఎడమ చివరిది మద్దెల మాదిరి లావు శబ్దానికి, కుడి చివరిది తాళం మాదిరి సన్న శబ్దానికి. నువ్వేమో కుడిదాన్ని రోజూ పైకంటా తోస్తావు. ఎక్కినోళ్లు చెవులు మూసుకుంటాండారు."

"పైకి తోసినా రాల్యా అంటే నువ్వు చెరిపినట్టే! నాగన్న పోయినాక ఆయన పక్కన నేనుండేది ఈ క్యాసెట్లోనేరా!"

"క్యాసెట్టు కాదు, నీ బుర్ర చెరిగిపోయింది."

ఓబులేసు జీపు దిగాడు. చెంప ఛెళ్లుమంది. వేపపుల్ల నోట్లోనే విరిగింది. రెండో దెబ్బ పడకముందే వంశీ ఆ చెయ్యి పట్టి మెలితిప్పాడు. ఓబులేసు రెండో చేత్తో సీటు కింది జాకీ రాడ్డు లాగి ఝళిపించాడు. మొదటి వేటుకు హెడ్‌లైటు పగిలింది. రెండోది వంశీ నుదురు చీల్చింది. నెత్తురు కంట్లోకి కారుతుంటే వంశీ తండ్రి గొంతు పట్టి జీపు తలుపుకేసి గుద్దాడు.

"సంపుతావేంరా? సంపు!"

"సంపుతాండేది నువ్వు గదా!"

కృష్ణవేణమ్మ కారం అంటిన రోకలితో మధ్యలోకి దూరింది. "వదలండి! ముందు వదలనోని కంట్లో పొడుస్తా!"

కొండంత బండలకు జంకని ఓబులేసు ఆ కారానికి జంకి రాడ్డు వదిలేశాడు. వంశీ కూడా వదిలేశాడు. నెత్తురు చేత్తోనే జీపులోకి వంగి, నాలుగు మీటలు కిందికి లాగి, కుడి చివరిది మాత్రం పైకంటా తోశాడు.

"చెరిపినానేమో ఇను!"

పాట అణిగిపోయింది. తాళం ఖణేల్మంది. చూరులోని పిచ్చుకలు లేచిపోయాయి. కృష్ణవేణమ్మ రోకలి వదిలేసి చెవులు మూసుకుంది.

ఓబులేసు వెక్కిరింతగా నవ్వాడు. "ఏంరా, దొరికిపోతానని ఆపేసినావా?"

"ఆపల్యా నాయనా..." వంశీ స్పీకరు వైపు చెయ్యి చూపాడు. "మోగుతాండాది."

ఓబులేసు భార్య చెవుల మీది చేతులు చూశాడు. స్పీకరు మీద అరచెయ్యి పెట్టాడు. అరచెయ్యి అదిరింది. మొన్న కోడుమూరు మలుపులో జీపుకింద పడబోయిన స్కూటరువాడు గుర్తొచ్చాడు. హారన్ కొట్టవేంరా అని వాడి చొక్కా పట్టుకున్నాడు. మూడుసార్లు కొట్టినానప్పా అని వాడు ఏడ్చాడు. వెనక సీట్లో వాడి పెళ్లాం, ఒళ్లో చంటిబిడ్డ.

ఓబులేసు భార్య వైపు చూస్తూ గడప మీద కూలబడ్డాడు. "రైలును తప్పించిన హారనే నా చెవులు తినిందేమో మే."

కృష్ణవేణమ్మ కొంగు చింపి కొడుకు నుదుటికి కట్టింది. ఓబులేసు ఆ కట్టును తడిమాడు. "నొస్తాండాదా?"

"చెవులు పోతే పోయినాయి గానీ చెయ్యి మాత్రం బాగుండాది నాయనా."

వంశీ మీటలన్నీ మధ్యకు తెచ్చి, ఎడమ చివరిదాన్ని పైకి తోశాడు. మద్దెల గుండెల్లోకి వచ్చింది. ఓబులేసు ఆ దరువు పట్టుకుని మోకాలి మీద వేళ్లు వేశాడు. క్యాసెట్లో తాళం, మోకాలి మీద వేళ్లు ఒక్కసారే పడ్డాయి. ఆ సంగతి ఆయనకు తెలియలేదు. తల్లీకొడుకుల కళ్లు నిండాయి.

కాసేపటికి ఓబులేసు లేచి జీపు తాళంచెవి లాగాడు. పాట ఆగిపోయింది. దాన్ని వంశీ చేతిలో పెట్టాడు.

"తాళమూ పోయింది, చెవీ పోయింది. ఈ తాళంచెవి నువ్వే పెట్టుకో. ఇప్పుడు తాళం నిజంగా ఆగింది గదరా?"

వంశీ తాళంచెవిని మళ్లీ జీపుకు పెట్టి తిప్పాడు. పాట మళ్లీ మొదలైంది.

"ఆగల్యా నాయనా. పక్క సీట్లో కూచో. తాళం పడినప్పుడల్లా నీ మోకాలు తడతా."