నాణెం ఎక్కడిదాకా వచ్చింది?

పొద్దున్నే పొయ్యి మీద పాలు పొంగి బర్నరు మీదికి కారుతుంటే ఇంట్లో ఒక్క మనిషికీ పట్టలేదు. మనుషులు లేక కాదు. ముందుగదిలో కిటికీ పక్క కుర్చీలో మామగారున్నారు. ఆ కుర్చీకి ఆనించిన స్టూలు మీద ఆయన కొడుకున్నాడు. ఇద్దరి మధ్యా ఒక ఫోను ఉంది. కోడలు సగం అల్లిన జడను ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో గిన్నె దించి, పొయ్యి తుడిచే గుడ్డ కోసం వెతుక్కుంటూ, "ఆ ఫోనులోంచి ఒక్కసారి తలెత్తితే పాలు కనబడతాయండీ" అంది. ఎవరూ ఎత్తలేదు.

"ఎక్కడిదాకా వచ్చిందిరా?" అని అడుగుతున్నాడు పెద్దాయన.

"రేవు దగ్గరికొచ్చింది నాన్నా. ఎవరో 'గొడుగు మామ' అట, అతనికి దొరికింది. ఏం రాశాడో విను." కొడుకు గొంతు సవరించుకున్నాడు. "'లైట్‌హౌస్ పక్కనున్న బల్ల కింద పెట్టె, ఆ పెట్టెలో ఈ నాణెం. చల్లటి గాలి, చేతిలో వేడి టీ. ఎంత అందంగా ఉందో. దీన్ని పడవలో అవతలి ఒడ్డుకి తీసుకెళ్తున్నాను.'"

పెద్దాయన కళ్ళు మూసుకున్నాడు. "పడవెక్కుతోందన్నమాట" అన్నాడు తృప్తిగా.

"అది పడవెక్కడం సరే, మీరు కుర్చీ ఎప్పుడు దిగుతారు మామయ్యా?" అంది కోడలు వంటింట్లోంచి.

"నా బదులు అది తిరుగుతోందిగా అమ్మాయ్."

ఆ ఒక్క మాటకి ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. రోజూ అదే మాట.

ఒక ఆట పుణ్యమా అని ఈ ఇంట్లో ఆదివారమనేది మాయమై చాలా కాలమైంది. పెద్దాయన ఉద్యోగమంతా సిటీ బస్సు నడిపాడు, అదీ ఒకటే రూటు. రిటైరయ్యాక ఇంట్లో కూర్చుని గోడలు చూస్తుంటే, హాస్టల్ నుంచి సెలవులకొచ్చిన మనవరాలు ఫోనులో ఈ ఆట చూపించింది. జియోకాషింగ్ అంటారట. ఇంట్లో మాత్రం దాని పేరు పెట్టెల వేట. లోకం నిండా పనిలేని మనుషులు చిన్నచిన్న పెట్టెలు దాచిపెట్టి, అవి ఎక్కడున్నాయో ఫోనులో గుర్తు పెడతారు. మిగతా పనిలేని మనుషులు వెళ్ళి, పొదలు గాలించి, రాళ్ళు ఎత్తి, పెట్టె దొరికాక లోపలి కాగితం మీద పేరు రాసి, మళ్ళీ అక్కడే పెట్టి వస్తారు. కోడలు చెప్పే వివరణ ఇది. కొన్ని పెట్టెల్లో నంబరు చెక్కిన నాణేలుంటాయి. వాటిని ఉంచేసుకోకూడదు, ఇంకో పెట్టెకి చేర్చాలి. చేర్చినవాళ్ళు ఆ నంబరు కొట్టి నాలుగు ముక్కలు రాస్తే, నాణెం ఏయే ఊళ్ళు తిరిగిందో దాన్ని వదిలినవాళ్ళు ఇంట్లో కూర్చుని చూసుకోవచ్చు.

పెద్దాయనకి ఈ నాణేల పిచ్చి మొదలైంది. తాబేలు బొమ్మది, నక్షత్రం బొమ్మది, గుడ్లగూబ బొమ్మది, కొని డబ్బాలో వేసుకున్నాడు. వాటిల్లో ప్రాణం మాత్రం ఒకదాని మీదే, బస్సు స్టీరింగు బొమ్మ ఉన్నదాని మీద. దాన్ని ఊరవతల కొండ మీద పెట్టెలో తన చేత్తో వెయ్యాలని మంచిరోజు కోసం చూశాడు. గుట్టలూ రాళ్ళూ ఎక్కి దిగిన మనిషి, చివరికి ఇంట్లో స్నానాలగదిలో జారిపడ్డాడు. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ అయ్యాక నాణెం కొడుకు చేతిలో పెట్టి, "నువ్వెళ్ళి వేసి రా" అన్నాడు.

అప్పట్నుంచీ నాణెం ఊరూరా తిరుగుతోంది, పెద్దాయన కుర్చీ దిగడం లేదు. ఎముక అతుక్కుంది. ఎక్సర్‌సైజులు నేర్పడానికి ఒక ఫిజియో అమ్మాయి వస్తుంది, అరగంట బతిమాలి వెళ్తుంది. ఈయన "నొప్పి తల్లీ" అంటాడు. పోయినసారి వెళ్తూ ఆ అమ్మాయి కోడలిని గుమ్మం బయటికి పిలిచి, "కాలు ఇంకా కదలగలదు ఆంటీ. ఈ నెల కూడా ఇలాగే కూర్చుంటే మాత్రం తర్వాత నేనేం చెయ్యలేను. ఇక ఎత్తి కూర్చోబెట్టడం, ఎత్తి పడుకోబెట్టడమే" అంది. కొన్న వాకరు మీద తువ్వాళ్ళు ఆరుతున్నాయి. నెల సగానికొచ్చింది. ఈ ఎత్తడాలూ దించడాలూ ఎవరి నెత్తిన పడతాయో కోడలికి వేరే చెప్పక్కర్లేదు. అంతకన్నా, పొదల్లోంచి చొక్కా చింపుకుని నవ్వుతూ బయటికొచ్చే మనిషి ఇలా మూలపడితే చూడలేననే దిగులు ఆమెను తినేస్తోంది. దిగులు పైకి చెప్పే అలవాటు లేదు కాబట్టి అరుపులే వస్తాయి.

ఆ రోజు పనికి వెళ్తూ, శుభ్రం చేయిద్దామని మొగుడి వానకోటు సంచిలో పెట్టుకుంది. ఆమె పనిచేసేది డ్రైక్లీనింగ్ షాపులో, కౌంటరు దగ్గర. మిషన్లో వేసేముందు ప్రతి జేబూ వెతకడం ఆమె పని. తాళాలు, బిళ్ళలు, ఒకసారి ఎవరిదో పెట్టుడుపళ్ళ సెట్టు కూడా దొరికింది. వానకోటు లోపలి జేబు జిప్పు తీసి చెయ్యి పెడితే చల్లగా, గుండ్రంగా ఏదో తగిలింది.

స్టీరింగు బొమ్మ. చుట్టూ అంచు మీద నంబరు.

మామగారు ఇలాంటిదే ఇంకోటి కొన్నారేమో అనుకుంది. కౌంటరు దగ్గర నిలబడ్డ కస్టమరు "నా సూటండీ" అంటున్నా వినిపించుకోకుండా నంబరు ఫోనులో కొట్టింది. తెర మీద ప్రత్యక్షమయ్యాడు గొడుగు మామ, చల్లటి గాలితో, వేడి టీతో సహా.

సాయంత్రం మొగుడు లిఫ్టుల పని ముగించుకుని, పనిముట్ల సంచితో మెట్లెక్కుతుంటే, గుమ్మం ముందే ఆపింది. ఆయన లిఫ్టు మెకానిక్కు. ఊళ్ళో ఎవరి లిఫ్టు ఆగినా పరిగెత్తే మనిషికి ఇంటి మెట్ల మీద కాళ్ళాడలేదు. ఎందుకంటే ఆమె అరచేతిలో నాణెం ఉంది.

"గొడుగు మామ పడవ దిగాడా?" అంది.

ఆయన నీళ్ళు నమిలాడు. "నెమ్మదిగా మాట్లాడు, నాన్న వింటాడు."

"విననివ్వండి. ఎవరండీ ఈ గొడుగు మామ? అంతకుముందు వారం 'సైకిల్ పిన్ని' ఎవరు? 'ఒంటికాలి కొంగ' ఎవరు?"

"అన్నీ నేనే" అన్నాడు, తల దించుకుని.

సంచి కిందపెట్టి మెట్టు మీద కూర్చున్నాడు. ఆ రోజు కొండకే బయల్దేరాడట. సగం దారిలో వాన. అంతలో ఫోను, ఎక్కడో లిఫ్టులో మనుషులు ఇరుక్కున్నారని. పని అయ్యేసరికి చీకటి పడింది. ఇంటికొస్తే తండ్రి గుమ్మం వైపే చూస్తూ, "వేశావా?" అని అడిగాడు. ఆ మొహం చూసి "వేశాను" అనేశాడు. మర్నాడు వేద్దామనుకున్నాడు. ఆ మర్నాడు రానేలేదు.

"రోజూ 'ఎవరైనా తీశార్రా?' అని అడిగేవాడు. ఒక్కసారి రాస్తే ఊరుకుంటాడనుకున్నాను."

"ఊరుకున్నాడా?"

"లేదు. 'తర్వాతేమైందిరా?' అన్నాడు." పక్కనున్న సంచి జిప్పు తీస్తూ, వేస్తూ అన్నాడు. "నా చిన్నప్పుడు ఆయన డ్యూటీకి వెళ్ళేటప్పటికీ, వచ్చేటప్పటికీ నేను నిద్రలోనే ఉండేవాణ్ణి. పెద్దయ్యాక నేనే డ్యూటీలో పడ్డాను. ఇన్నేళ్ళలో ఆయన నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఏదైనా అడిగింది ఇదే మొదటిసారి. ఎలా ఆపను చెప్పు?"

ఇంకెప్పుడైనా అయితే ఆమె మనసు కరిగేదే. ఇప్పుడు మాత్రం ఒళ్ళు మండింది. "మీకు ముచ్చటగానే ఉంది. అక్కడ ఆయన కాళ్ళు పోతున్నాయండీ. నాణెం తిరుగుతోంది కదా నేనెందుకు అంటున్నాడు. మీరు రాసే ఒక్కో ఊరూ ఆయన్ని ఆ కుర్చీకి మేకు కొట్టి బిగించేస్తోంది. నెల అయిపోయాక ఆయన్ని ఎత్తడానికి గొడుగు మామ వస్తాడా?"

"నిజం చెప్తే కుంగిపోతాడు. నువ్వు చెప్పకు, నేనే మెల్లిగా..."

"మీ మెల్లిగా నాకు తెలుసు" అని ఆమె లోపలికి నడిచింది. ఆయన వెనకాలే వచ్చాడు, పనిముట్ల సంచి మెట్ల మీదే మర్చిపోయి.

పెద్దాయన కిటికీ వైపు చూస్తున్నాడు. కోడలు ఆయన చెయ్యి తీసుకుని, వేళ్ళు విప్పి, నాణెం పెట్టింది. గట్టిగా చెప్పాలనుకున్న మాటలు చివరికి చాలా చిన్నగా వచ్చాయి.

"మామయ్యా, ఇది ఎక్కడికీ వెళ్ళలేదు. మీ అబ్బాయి కోటు జేబులో ఉంది. మీరు విన్నవన్నీ ఆయన రాసినవే. మిమ్మల్ని మోసం చెయ్యాలని కాదు, ఏదో... చేతకానితనం. కానీ మీ బదులు ఏదీ తిరగడం లేదు. మీరే తిరగాలి."

తిడతాడనుకుంది. నాణెం విసిరికొడతాడని కూడా అనుకుంది. పెద్దాయన నాణేన్ని బొటనవేలితో రాసి చూసుకుని, "తెలుసమ్మాయ్" అన్నాడు.

"తెలుసా?" ఇద్దరూ ఒకేసారి అన్నారు.

"పెట్టెలు వెతికేవాళ్ళు ఏం రాస్తారో నాకు తెలీదా? ముళ్ళు గీరుకున్నాయని రాస్తారు. కుక్క తరిమిందని రాస్తారు. పెట్టె దాచినవాణ్ణి తిడతారు. వీడి మనుషుల్లో ఒక్కడూ తిట్టడు, ఒక్కడి చొక్కా చినగదు. ఊళ్ళు మారినా అందరి చేతిలోనూ వేడి టీ." కొడుకు వైపు చూశాడు. "రెండోవాడి దగ్గరే దొరికిపోయావురా."

కొడుకు మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక గోడ వైపు తిరిగాడు.

కోడలికి చిర్రెత్తుకొచ్చింది. "తెలిసీ ఊరుకున్నారా? తెలిసీ రోజూ 'నా బదులు తిరుగుతోంది' అంటున్నారా? పోనీ ఆ నొప్పైనా నిజమేనా మామయ్యా?"

పెద్దాయన కుర్చీ చెయ్యి మీద ఊడిన రెక్సిన్ను గోటితో గీకాడు.

"మొన్నామధ్య నువ్వు షాపుకెళ్ళాక లేచాను. గోడ పట్టుకుని వంటింటి గుమ్మందాకా వెళ్ళాను. నొప్పి ఉంది కానీ ఓర్చుకోలేనంత కాదు. కాలు పనిచేస్తోందని తెలిసి..." ఆగాడు. "భయమేసిందమ్మా. వచ్చి మళ్ళీ కూర్చున్నాను."

"నడవగలిగితే భయమేంటి?"

"నేను లేచి తిరిగితే వీడు ఆ స్టూలు మీద ఎందుకు కూర్చుంటాడు? వీడి పనికి వీడు పోతాడు. పడ్డాను కాబట్టి కూర్చుంటున్నాడు." ఆయన కళ్ళు తడిశాయి. "వీడు రాసిన అబద్ధాలు బాగున్నాయని కాదు. వీడు నా పక్కన కూర్చుని చదవడం బాగుంది."

కొడుకు గోడ వైపు నుంచి ఇటు తిరిగాడు. "నువ్వు నడిస్తే నేను కూర్చోనని ఎవరు చెప్పారు నాన్నా?"

"ఎప్పుడైనా కూర్చున్నావా?"

కొడుకు చిన్నపిల్లాడి గొంతుతో, "నువ్వు ఎప్పుడైనా కూర్చోమన్నావా?" అన్నాడు.

పెద్దాయన నాణేన్ని చొక్కా జేబులో వేసుకున్నాడు.

కోడలు ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. పొద్దుట్నుంచి మోసుకొచ్చిన కోపం ఇంకా పోలేదు, దాని పక్కనే ఏడుపు కూడా వచ్చేసింది. ఇన్నాళ్ళూ ఈ మనిషి మొండివాడనుకుంది, మొగుడు బాధ్యత లేనివాడనుకుంది. ఇద్దరూ ఒకటే కుర్చీ పక్కన, ఒకటే ఆకలితో కూర్చున్నారని ఆమెకు తట్టనే లేదు. కొంగుతో మొహం తుడుచుకుంది.

"మీ ఇద్దరితో నా ప్రాణం విసిగిపోయింది" అంది. "కూర్చోరా అని ఒకరు అనలేరు. కూర్చుంటాను నాన్నా అని ఒకరు అనలేరు. దానికోసం ఒక నాణేన్ని సముద్రాలు దాటించాలి, ఒక మనిషి కాళ్ళు పోగొట్టుకోవాలి. ఇంత కష్టమా అండీ పక్కపక్కన కూర్చోవడం?"

ఆమె స్టూలు లాగి గది అవతలికి నెట్టేసింది. "ఇక ఇది ఉండదు. మాట్లాడుకోవాలంటే నడుస్తూ మాట్లాడుకోండి. లేవండి మామయ్యా."

"ఇప్పుడా?"

"ఇప్పుడే."

కొడుకు వంగి చంకల కింద చేతులు పెట్టబోతే పెద్దాయన వద్దన్నాడు. కుర్చీ చేతుల మీద బరువేసి, పళ్ళు బిగించి, లేచాడు. ఒక్క క్షణం ఊగాడు. కొడుకు భుజం అందించాడు. ఇద్దరూ అడుగులో అడుగు వేసుకుంటూ గది దాటి, వరండా గుమ్మం చేరేసరికి పెద్దాయనకి చెమటలు పట్టాయి. ఊపిరి ఎగపోస్తోంది. అయినా మొహంలో ఏదో దొంగతనం బయటపడ్డ పిల్లాడి వెలుగుంది.

అప్పుడే కొడుకు జేబులో ఫోను మోగింది. డ్యూటీ ఫోను. పెద్దాయన చెయ్యి ఆ భుజం మీద నుంచి జారిపోయి గుమ్మం పట్టుకుంది.

"వెళ్ళరా. ఎవరో ఇరుక్కున్నట్టున్నారు."

కొడుకు ఫోను తీశాడు. "ఈ పూట నేను రాలేను, ఇంకొకర్ని పంపండి" అని చెప్పి పెట్టేశాడు. గుమ్మం మీదున్న తండ్రి చెయ్యి తీసి మళ్ళీ తన భుజం మీద వేసుకున్నాడు. పెద్దాయన వేళ్ళు చొక్కాను గట్టిగా పట్టుకున్నాయి. వెనకాల కోడలు తిట్టడానికి నోరు తెరిచి, తిట్టడానికేమీ దొరక్క, కళ్ళనీళ్ళతో అలాగే నిలబడిపోయింది.

"నీ కాళ్ళు వణుకుతున్నాయి నాన్నా. కుర్చీ ఇక్కడికి తీసుకురానా?"

"వద్దులే" అన్నాడు పెద్దాయన. "కాసేపు నిలబడే మాట్లాడుకుందాం."