మూడు కన్నాల గుండీ

గోడమలుపు దగ్గర చీకటిపడ్డాక హారన్ కొట్టకుండా ఎవడూ వెళ్ళడు. పాత గోదాము కూలిపోగా మిగిలిన ఒంటి గోడ అది. రోడ్డు తిన్నగా దాని మొహం మీదికి వెళ్ళి, ఆఖరి నిమిషంలో మనసు మార్చుకుని కుడికి తిరుగుతుంది. అక్కడ ఎవరో నిలబడి ఉంటారనీ, దాహం... దాహం అంటారనీ చెప్పుకుంటారు.

నేనైతే పట్టపగలే బెల్లు కొడతాను. నాది సైకిలు.

ముందే ఒక మాట. ఇదంతా నాకు జానెడు దూరంలో జరిగింది. అయినా విన్నదే చెబుతున్నాను. ఎందుకో మీకే తెలుస్తుంది.

మా తోడల్లుడికి తాతలనాటి మోటారు సైకిలొకటి ఉంది. దాని మీద ఈగని వాలనివ్వడు. దీపం మాత్రం ఆరు వోల్టులది... వెలిగిందో లేదో తెలియాలంటే అగ్గిపుల్ల గీసి చూసుకోవాలి. తొమ్మిదేళ్ళుగా పొద్దు గూకాక ఆ బండి బయటికి తీసిందే లేదు. ఈమధ్య తన ప్రింటింగ్ ప్రెస్సుని మలుపు అవతలికి మార్చాడు. ఇంటికి రావాలంటే ఇక ఆ దారే.

"తమ్ముడూ, దీపం మార్పించాలోయ్. ఆ మలుపులో బాగా కనపడాలి."

"మనకి దెయ్యమా, దెయ్యానికి మనమా అన్నయ్యా?"

ఆయన నవ్వలేదు. నా జోకులకి ఎవరూ నవ్వరు కాబట్టి నేనూ పట్టించుకోలేదు.

మెకానిక్కుని అందరూ 'నట్టు' అంటారు. ఏ నట్టు ఏ బండిదో తడిమి చెప్పేస్తాడు. వాళ్ళన్న వడ్రంగి. తొమ్మిదేళ్ళ కిందట గోడమలుపులో అతన్ని ఏదో బండి గుద్ది వెళ్ళిపోయింది. తెల్లారేదాకా ఎవరూ చూడలేదు, అప్పటికే ప్రాణం పోయింది. బండి ఎవరిదో తేలనే లేదు.

నట్టు హెడ్‌లైటు గిన్నె విప్పాడు. లోపల బూజు, తుప్పు, రెండు గాజు పెంకులు. వాటి మధ్య ఇరుక్కున్న చిన్నదేదో వేలితో తీసి, వెలుతురులో పెట్టి చూశాడు. చాలాసేపు చూశాడు.

"ఈ అద్దం ఎప్పుడు మార్చారు సార్?"

"ఎప్పుడో... నేనే మార్చుకున్నా. ఏం?"

"ఏం లేదు. గిన్నె దులపకుండా బిగించేశారు."

దాన్ని జేబులో వేసుకున్నాడు. నేనూ చూశాను... చెక్కముక్క అనుకున్నాను. నా తెలివి అంతవరకే.

నాలుగు రోజుల్లో పన్నెండు వోల్టుల బ్యాటరీ, కొత్త వైర్లు, తెల్లటి ఎల్‌ఈడీ బల్బు వచ్చి చేరాయి. ఫోకసు పెట్టేటప్పుడు షాపు గోడ మీద మోకాలెత్తున సుద్దగీత గీసి, వెలుతురు దాని మీద పడేలా సర్దుతారు. నట్టు మాత్రం మనిషి గుండె ఎత్తున గీశాడు.

"అంత పైకెందుకురా?"

"ఎదురుగా ఎవరున్నా మొహం కనపడాలి కద్సార్. ఇంకోటి... ఇక ఇంజను ఆగినా మీ దీపం ఆగదు."

"మొదటిసారి కదా, తోడు రావోయ్," అన్నాడు తోడల్లుడు. మా ఆవిడ వినేలా అన్నాడు. భయమని చెప్పుకునే దారి కూడా మూసుకుపోయింది.

మసక చీకట్లో బయల్దేరాం. మలుపు రాకముందే నేను కళ్ళు గట్టిగా మూసుకుని, నుదురు ఆయన వీపుకి ఆనించేశాను.

ఇక్కణ్ణుంచి విన్నదే.

గేరు తగ్గింది. ఇంజను రెండుసార్లు దగ్గింది... ఆగిపోయింది. దీపం ఆగలేదు. మూసిన రెప్పల మీద కూడా తెల్లగా తగులుతోంది.

"తమ్ముడూ..." గుసగుస. "గోడ దగ్గర... ఎవరో..."

నేను రెప్పలు ఇంకా బిగించాను.

"కాదు... నువ్వు నాకు కనపళ్ళేదయ్యా... ఆవేళ దీపం సరిగ్గా లేదు..."

ఆయన వీపు వణుకుతోంది. దాంతోపాటు నా తలకాయా.

"నీళ్ళడిగావు... అవును, అడిగావు. నేను గాజుముక్కలు ఏరుకుంటున్నాను... అవి దొరికితే బండి ఎవరిదో తెలిసిపోతుందని..."

తర్వాత ఒక్క కేక —

"గుండీ ఏంటి? ఏ గుండీ? నాకు తెలీదు... చెయ్యి చాపకు!"

బండి ఒక పక్కకి, మేమొక పక్కకి పడ్డాం. అడుగుల చప్పుడు దగ్గరికొచ్చింది. "అయ్యా, నేను ఉత్త తోడల్లుణ్ణి," అని దణ్ణం పెట్టాను.

"లేవండి సార్." నట్టు గొంతు.

కళ్ళు తెరిచాను. నట్టూ, వాళ్ళ వదినా నిలబడి ఉన్నారు. గోడ వెనక కూర్చుని ప్రతి మాటా విన్నారు. నట్టు అరచేతిలో చెక్క గుండీ... మూడు కన్నాలది.

"మా అన్న చెక్కుకున్నాడు. నాలుగో కన్నం దండగ అనేవాడు. పోయిననాడు చొక్కాకి ఇదొక్కటే తక్కువైంది."

తోడల్లుడి నాలుక పిడచగట్టుకుపోయింది. నీళ్ళు... అని సైగ చేశాడు. ఆవిడ చేతిలో సీసా ఉంది. మూత తీసింది. ఆయన కళ్ళెదుటే, తొందరేమీ లేకుండా, ఆఖరి చుక్కదాకా నేల మీద పోసింది.

"ఆయనకీ ఇంతే దొరికాయి," అంది.

స్టేషన్‌లో తోడల్లుడు అడక్కముందే అంతా చెప్పేశాడు. ఎస్సై నావైపు తిరిగి, "నువ్వేం చూశావ్?" అన్నాడు.

"నాకేం కనపళ్ళేదండీ," అనేసి నాలుక కరుచుకున్నాను. తొమ్మిదేళ్ళుగా ఆయన తనలో తాను చెప్పుకున్న మాటా అదే.

నెల తర్వాత పంక్చరు వంకతో నట్టు దగ్గరికెళ్ళి, అసలు సంగతి అడిగాను.

"రేడియం టేపు సార్. లారీల వెనక మెరుస్తుందే, అది. ముక్కలు కోసి, మనిషి ఆకారంలో గోడకి అతికించా. పాత దీపం గోడదాకా పోయేదే కాదు. కొత్తది పడితే భగ్గుమంటుంది."

నాకు పోయిన ప్రాణం తిరిగొచ్చింది. "ఓస్, ఇంతేనా! మరి గుండీ అడిగింది నువ్వేగా?"

"నేను నోరు విప్పలేదు సార్."

ట్యూబు మీద గరుకు కాగితం రుద్దుతూనే ఉన్నాడు.

"పెచ్చులూడే గోడ కదా... మీ బండి చప్పుడు వినపడే వేళకి టేపంతా ఊడి కింద పడింది. ఒక్క ముక్క మిగల్లేదు. ఇవాళ కాదులే వదినా, పోదాం పద అన్నా."

"అంటే?"

నట్టు తలెత్తాడు.

"కూర్చో అబ్బాయ్, ఆయన వచ్చి నిలబడ్డారు — అంది."